మేడమీది సీసాలు

మార్చి 2

మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. నేను పాలు తీసుకుని వస్తున్నాను, ఆవిడ ఆఫీసుకి వెళుతోంది. పలకరించలేదు. నేనూ పలకరించలేదు. అసలు మాటలు మానేసింది ముందు నేనే. ఆ ఘనత ఆవిడ ఖాతాలో పడకూడదు.

ఇన్నేళ్ళూ "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరిగిన తోటికోడలు. పింగాణీ దుకాణం మూతపడి, నా ఉద్యోగం పోయిన మర్నాడు, అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, "ఎలాగూ ఇక తీరిగ్గానే ఉంటావుగా అక్కా, సాయంత్రాలు పిల్లల్ని కాస్త చూసుకోకూడదూ?" అంది. పొద్దస్తమానం నిలబడి గాజు సామాను అమ్మిన మనిషిని నేను. చేతిలోంచి ఒక్క గ్లాసు కూడా జారనివ్వలేదు. దుకాణానికి తాళం పడిందో లేదో, అప్పుడే తీరికమనిషినైపోయానా?

నేనేమన్నానో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆయనకి గుర్తుందట. "నేను నీ పిల్లలకి ఆయాని కాను" అన్నానట. ఆ తరవాత ఇంకా చాలా అన్నానట. అనే ఉంటాను.

నెలాఖరుకి వాళ్ళు మేడ ఖాళీ చేసి వేరే ఇంటికి మారుతున్నారని మరిది చెప్పాడట. ఆవిడ ఆఫీసుకి దగ్గరట. శుభం. మేడమీద గాలి బాగా వస్తుంది, మేమే పైకి మారతాం.

మార్చి 4

ఏమీ తోచక వంటింటి అలమర సర్దాను. వెనక వరసలో జామ్ సీసా ఒకటి ఉంది. పారేద్దామని తీసి, పారేయలేకపోయాను. మా దుకాణంలో అద్దాల బీరువాలో పురికొస చుట్టిన ఫ్లవర్‌వాజు ఒకటి ఉండేది. దాని ధర చీటీ చూసి జనం చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు. రోజూ దుమ్ము తుడిచేదాన్ని కదా, లోపల ఉన్నది ఉత్త సీసాయేనని నాకు ఎప్పటినుంచో అనుమానం.

సీసాని వేడినీళ్ళలో వంటసోడా వేసి నానబెట్టాను. చీటీ దానంతటదే ఊడి వచ్చింది. జిగురు మరకకి నూనె రాసి రుద్దాను. తరవాత అడుగు నుంచి పైకి, వరస మీద వరస, సందు లేకుండా పురికొస చుట్టాను. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అన్నం చెంచాతో తిన్నాను.

అత్తగారు వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏమిటే ఇది? సీసాకి చలేస్తోందా?"

మార్చి 5

బాగుంది. నిజంగానే బాగుంది. ఇంకొకటి చేద్దామంటే సీసా లేదు.

మార్చి 7

పాత సామాన్ల బండి వచ్చింది. వీధిలో అందరూ అతన్ని తూకం బాబాయి అంటారు. ఏం చూపించినా ముందు తక్కెడలో పడేసి తరవాత మాట్లాడతాడు. మేడమీంచి అప్పుడే ఏదో కొని దిగుతున్నాడు. బుట్టలో పచ్చరంగు పొడుగు సీసా, మూత పోయిన గాజు జగ్గు, చిన్న చిన్న మందు సీసాలు.

"అవి ఎంతకిస్తావ్ బాబాయ్?"

అతను బుట్టవైపు చూశాడు, మెట్లవైపు చూశాడు, నావైపు చూశాడు. "పైన అడిగితే ఊరికే ఇవ్వరా తల్లీ?"

"మాకూ వాళ్ళకీ మాటల్లేవు."

"అయితే నాకు మంచిరోజులొచ్చినట్టే" అని తక్కెడ తీశాడు.

మా మెట్లు దిగి మా గేటు దాటిన సామాను, అదే గేటులోంచి డబ్బిచ్చి లోపలికి తెచ్చుకున్నాను. ఆయన విని చాలాసేపు నవ్వారు. నవ్వితే నవ్వనీ. నా పరువు నాది.

మార్చి 10

మెట్ల కింద పాత బల్ల వేసుకున్నాను. వెలుతురు బాగుంది. రంగులో వంటసోడా కలిపి పూస్తే, ఆరాక గాజు గాజులా ఉండదు, మట్టికుండలా గరుకుగా తయారవుతుంది. గాజు జగ్గుకి అలా పూశాను. మా దుకాణం యజమాని చూస్తే ఏ దేశం సరుకు, రవాణా ఎంత అని అడిగేవాడు.

పొడుగు సీసాకి మాత్రం లోపల రంగు పోశాను. తెల్ల రంగు పోసి, అన్ని వైపులా తిప్పి, బోర్లించి ఆరబెట్టాను. బయట గాజు నిగనిగ, లోపల పాలలాంటి తెలుపు. నేనే చేశానా అనిపించింది. వీధి చివర పూలకొట్టు ఆవిడకి ఇచ్చి వచ్చాను. బల్ల మీద పెట్టుకోమన్నాను. ఎవరైనా అడిగితే అమ్మమన్నాను.

మార్చి 11

పరువు పోయింది.

పూలకొట్టు ఆవిడ సీసా పట్టుకుని ఇంటికే వచ్చింది. దాంట్లో నీళ్ళు పోసి పూలు పెట్టిందట. పొద్దున్న చూసేసరికి రంగంతా పొరలు పొరలుగా లేచి నీళ్ళలో తేలుతోందట. పూలకాడలు తెల్లగా, సున్నం తొక్కిన కాళ్ళలా ఉన్నాయి.

"పూలు పెట్టే సీసాలో నీళ్ళు పోస్తారని తెలీదా అమ్మా నీకు?" అంది. తిట్టలేదు, నిజంగానే అడిగింది. అదే ఎక్కువ బాధ.

పదహారేళ్ళు ఫ్లవర్‌వాజులు అమ్మాను. ఒక్కదాంట్లోనూ నీళ్ళు పోసి చూడలేదు. అద్దాల బీరువాలో ఉన్నవాటికి నీళ్ళెవరు పోస్తారు?

అత్తగారు చీపురుపుల్లతో ఆ పొరల్ని బయటికి లాగుతూ, "మీగడ బాగా కట్టింది" అన్నారు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వాం. ఆ నవ్వు పైకి వినబడి ఉంటుంది. వాళ్ళ గురించే నవ్వామనుకుంటారేమో. అనుకోనీ.

మార్చి 13

ఇక లోపల రంగు పుయ్యను. రంగు బయటే. రేకు డబ్బాలాంటివైతే లోపల చిన్న సీసా ఒకటి దించాలి. నీళ్ళు సీసాకి, సింగారం డబ్బాకి. పూలకొట్టు ఆవిడ ఒప్పుకుంది.

బాబాయి ఈసారి తెచ్చినవన్నీ కడిగి ఉన్నాయి. చీటీలు లేవు, జిగురు మరక కూడా లేదు. మొదటినుంచీ శుభ్రం ఎక్కువే ఆవిడకి, కాదనను. అయినా చెత్తని కూడా తోమి పారేసే మనిషిని నేనెక్కడా చూడలేదు. డాబు.

మార్చి 14

పిల్లలు సాయంత్రం వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దది లెక్కలు చేసుకుంది, చిన్నది పురికొస ఉండ పట్టుకుంది. నేను వాళ్ళని చూసుకోవడం లేదు. వాళ్ళే వచ్చి కూర్చుంటున్నారు. రోజూ.

చిన్నది చెప్పింది: "పెద్దమ్మా, సీసాలు తోమీ తోమీ అమ్మ చేతులు మండిపోతున్నాయి."

ఇల్లు మారేటప్పుడు పని ఎక్కువే ఉంటుంది మరి. వంటసోడా అంత వేడినీళ్ళలో కలిపి చేతులు పెట్టకూడదు, పుల్లతో తిప్పుకోవాలి. ఎవరికైనా చెబుతున్నట్టు పిల్లకి ఊరికే చెప్పాను.

మార్చి 16

ఇవాళ బాబాయి బుట్టలో నీలం సీసాలు! జత. మెడ సన్నం, పొట్ట గుండ్రం, ఒంటినిండా గీతలు. వాటితోపాటు ఇత్తడి కొవ్వొత్తి స్టాండు. తోమి పెట్టి ఉంది, మొహం కనబడుతోంది.

తోటికోడలి ఇంట్లో ఇవి నేనెప్పుడూ చూడలేదు. అటక మీద ఉండి ఉంటాయి. పెళ్ళిలో ఎవరో ఇచ్చి ఉంటారు, మర్చిపోయి ఉంటుంది. ఇంత మంచి సామాను తూకానికి అమ్ముకుంటుందా ఎవరైనా! దానికి వస్తువు విలువ ఎప్పుడూ తెలీదు. పక్కన నేను లేకపోతే కూరగాయలవాడి దగ్గర కూడా మోసపోయేది.

అయినా నాకెందుకు?

మార్చి 19

కోడిగుడ్డు పెంకులు కడిగి, లోపలి పొర తీసి, ఎండబెట్టి, ముక్కలు చేసి రేకు డబ్బాకి అతికించాను. ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి గీత మిగలాలి. అత్తగారు పెంకులు విరిచే పని తీసుకున్నారు. చిల్లు పడ్డ గాజుగిన్నెని కొవ్వొత్తి స్టాండు మీద అతికిస్తే కాడ ఉన్న పళ్ళెంలా వచ్చింది. చిల్లుకి సీసా మూత అడ్డం పెట్టాను. ఎక్కడుందో చూపిస్తే వాళ్ళకో దండం.

అన్నీ వరసగా పిట్టగోడ మీద పెట్టి, వీధిలోకి వెళ్ళి నిలబడి చూశాను. మళ్ళీ వెళ్ళి చూశాను. "కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నారు అత్తగారు, కానీ ఆవిడా వీధిలోకి వచ్చి చూశారు.

పూలకొట్టు ఆవిడ బండి మాట్లాడుకుని వచ్చి సగం పట్టుకెళ్ళింది. సాయంత్రానికి మిగిలిన సగం కోసం మనిషిని పంపింది! గుడ్డుపెంకుల డబ్బా, గాజుగిన్నె మాత్రం నేనే ఉంచుకున్నాను. పాట పాడుకుంటూ జిగురు కలుపుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఎప్పట్నుంచి విన్నారో చెప్పలేదు.

ఇంత సంతోషం చెప్పుకోవడానికి మనిషి కావాలి. ఆయన వింటారు కానీ "ఆహా" అంటారు. "ఆహా" చాలదు. "ఏదీ, ఏదీ, చూపించు" అనేవాళ్ళు కావాలి.

మార్చి 20

పైన అట్టపెట్టెలు లాగుతున్న చప్పుడు. రోజంతా.

మార్చి 22



బాబాయి వచ్చాడు. నీలం సీసాల్లాంటివి ఇంకో జత కావాలి, పైన మిగిలాయేమో అడిగి చూడమన్నాను. అతను బండికి ఆనుకుని తలగోక్కున్నాడు.

"అవి ఈ ఇంటివి కావు తల్లీ. మార్కెట్టు వెనకాల పాత సామాన్ల కొట్టుంది చూడు, అక్కడివి."

"అక్కడివైతే మేడమీదికి ఎలా వచ్చాయి?"

"ఎలా వస్తాయి? పైనమ్మాయి కొనుక్కొచ్చింది. ఆఫీసు నుంచి వస్తూ అక్కడ దిగుతుంది. సీసాలు ఏరుతుంది. ఇంటికి తెచ్చి తోముతుంది. నేనొస్తే నాకు తూకానికి వేస్తుంది."

"కొన్నదాన్ని మళ్ళీ అమ్మడమేమిటి? నష్టం కాదూ?"

"నాకూ మొదట్లో అర్థంకాలేదు, పాపం బుర్ర చెడిందేమో అనుకున్నా. తరవాత తెలిసింది. నాకు అమ్ముతూ ఒకటే మాట చెబుతుంది, 'బాబాయ్, తిన్నగా వీధిలోకి పోకు, కింద కాస్త ఆగి వెళ్ళు' అని." అతను నవ్వాడు. "అక్కడ ఆమె డబ్బు పెట్టి కొంటుంది, ఇక్కడ నువ్వు డబ్బు పెట్టి కొంటావు. పిల్లులు రెండూ పోట్లాడుకుంటే రొట్టె కోతికి దక్కినట్టు, మధ్యలో నేను బాగుపడ్డాను. అందుకే నోరు మెదపలేదు."

"మరి ఇప్పుడెందుకు మెదిపావు?"

"నెలాఖరుకి వెళ్ళిపోతున్నారటగా. రొట్టె ఎలాగూ అయిపోయింది."

మొదటి వారం సీసాలు మాత్రమే వాళ్ళ ఇంటివి. ఆ తరవాతవన్నీ అది ఏరినవి. పచ్చవి, నీలంవి, గీతలవి, మెడ వంకరవి. ఏది నా చేతిలో బాగుంటుందో చూసి మరీ ఏరింది. నేను వస్తువు విలువ తెలీదన్నాను దాన్ని.

లోపలికి వెళ్ళి అత్తగారిని అడిగాను. ఆవిడ రాత్రి భోజనం పైనే చేస్తారు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ సీసాలు ముట్టుకునేదానివా? పౌరుషం పొడుచుకొచ్చేది. దుకాణం పోయాక మొదటిసారి పొద్దున్నే లేచి మొహం కడుక్కుని పనికి కూర్చున్నావు. నా నోటితో నేను ఎందుకు చెడగొట్టుకోవాలి?"

ఏడుపొచ్చింది. మంచి ఏడుపే.

మార్చి 23

సగం మెట్లు ఎక్కాను. పైన మరిది గొంతు వినబడింది. దిగాను.

మార్చి 24

మళ్ళీ ఎక్కాను. ఈసారి ఎవరి గొంతూ వినబడలేదు. అయినా దిగాను. వెళ్ళి ఏమని మొదలుపెట్టాలి? ఒక్క మాట నోట్లో తిరుగుతుంది, గుమ్మం చూడగానే వెనక్కి పోతుంది.

నోటితో కాకపోతే చేత్తో చేద్దాం. నీలం సీసా ఒకటి దాచుకున్నాను, పూలకొట్టుకి ఇవ్వలేదు. ఎందుకు దాచుకున్నానో అప్పుడు నాకే తెలీదు. దాని గీతల నీలం కనబడాలి, కాబట్టి రంగు వద్దు. మెడకి మాత్రం సన్న దారంతో అల్లిక. అడుగున అంచు చెక్కుపోయిన గాజు సాసరు బోర్లించి అతికించాలి. ఆ చెక్కు గరుకుకాగితంతో నీళ్ళలో రుద్దాలి, చెయ్యి తగిలితే తెలియకూడదు.

మార్చి 25

అయింది. ఇంతకంటే బాగా నేనేదీ చేయలేదు. ఇక ముందు చేస్తానో లేదో.

ఇది ఏ దారిన పైకి వెళ్ళాలో కూడా ఆలోచించాను. సీసా ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెళుతుంది. బాబాయిని పిలిచి చెప్పాను: పాత సామానులాగా పైకి తీసుకెళ్ళి అమ్ము, ఎవరిచ్చారంటే తెలీదను, ఎంతకడిగితే అంతకిచ్చెయ్, డబ్బు నువ్వే ఉంచుకో.

"మీ ఇద్దరికీ నడుస్తూ వెళ్ళడానికి మెట్లున్నాయి తల్లీ" అన్నాడు.

"నేను చెప్పింది చెయ్యి బాబాయ్."

మార్చి 26

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాబాయి మెట్ల దగ్గర నిలబడి కేకేశాడు. అది సగం మెట్లు దిగి వచ్చింది. నేను మా తలుపు వెనక నిలబడ్డాను.

"ఇది ఎక్కడిది బాబాయ్?"

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చారమ్మా."

సీసాని తిప్పి చూస్తోంది కాబోలు.

"పాత సీసాయే కదా" అంది. "ఎంత?"

బాబాయి ఓ ధర చెప్పాడు. నేను ఎంతకైనా ఇమ్మన్నాను గానీ, మంచి ధరే చెప్పాడు, మర్యాద తెలిసినవాడు.

"అబ్బో! అంతా! సగానికిస్తే చూస్తాను."

సరే, బేరం అన్నాక అడుగుతారు. ఓర్చుకున్నాను.

"సరే, సగానికే తీసుకో అమ్మా."

"అయ్యో, ఇప్పుడే చూశా. అడుగు కాస్త వంకర. దారం కూడా ఎవరో కొత్తగా నేర్చుకుంటూ చుట్టినట్టుంది. సగంలో సగం ఇస్తాను, ఇష్టమైతే ఇవ్వు."

ఇంక నావల్ల కాలేదు. తలుపు ఎప్పుడు తీశానో, మెట్ల దగ్గరికి ఎప్పుడు వెళ్ళానో తెలీదు. "వంకరా? ఎక్కడ వంకర? కళ్ళు పెట్టుకుని చూడు! ఆ సాసరు అంచు నునుపు చెయ్యడానికి వేళ్ళు అరిగిపోయాయి నాకు! కొత్తగా నేర్చుకుంటూ చుట్టిందా? సందులో సూది దూర్చు చూద్దాం! దీనికి సగంలో సగమా? మనిషివేనా నువ్వు?"

వీధిలో వాళ్ళు ఆగి చూస్తున్నారు. అది ఫ్లవర్‌వాజుని రెండు చేతులతో గుండెకి పట్టుకుని నిలబడింది. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అయితే ఎంతకిస్తావో నువ్వే చెప్పక్కా" అంది.

ధర చెప్పడానికి నోరు తెరిచాను. ధర మానేసి మెట్లెక్కి దాన్ని కావలించుకున్నాను. అది "జాగ్రత్త, సీసా, సీసా" అంటూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత ఏడుపులోనూ ఇద్దరం సీసాని మాత్రం వదల్లేదు.

"నిజంగా వంకరుందా?" అన్నాను కాసేపటికి.

"ఎక్కడా లేదు. ఎంత బాగుందో! అలా అనకపోతే నువ్వు బయటికి వస్తావా? తలుపు కింద నీ కాళ్ళు మొదటినుంచీ కనబడుతూనే ఉన్నాయి."

బాబాయి తక్కెడ భుజాన వేసుకుని, "బేరం తెగిందా తల్లులూ, నేను పోవచ్చా?" అన్నాడు. పోనివ్వలేదు. టీ ఇచ్చాం.

సాయంత్రం దాకా పైనే ఉన్నాను. అది చెప్పింది, "ఆ రోజు నేను చెప్పాలనుకున్నది వేరక్కా. దుకాణం ఉన్నన్నాళ్ళూ నువ్వు మాకు దొరకలేదు, ఇప్పుడైనా పిల్లలకి నీ దగ్గర కూర్చునే అదృష్టం ఉంటుందని. నోట్లోంచి అలా వంకరగా వచ్చింది."

"నేను దానికి ఏమన్నానో నాకు గుర్తు లేదు" అన్నాను.

"నాకు గుర్తుంది. చెప్పనా?"

"వద్దే తల్లీ!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నా దగ్గర మిగిలినవన్నీ పైకి తెప్పించి ఒక్కొక్కటే చూసింది. గుడ్డుపెంకుల డబ్బా చూసి "ఏదీ, ఏదీ" అని లాక్కుంది. గాజుగిన్నె చిల్లు ఎక్కడుందో మాత్రం కనిపెట్టలేకపోయింది.

వాళ్ళు ఇల్లు మారడం ఆగదు. మాట ఇచ్చేశారు, అడ్వాన్సు కట్టేశారు. నేనూ ఆగమనలేదు. ఆఫీసుకి నిజంగానే దగ్గర. నాకు బాధగానే ఉంది, దానికీ ఉంది. ఆ మాట ఇద్దరం పైకే అనుకున్నాం.

మార్చి 30

లారీ వచ్చింది, వెళ్ళింది. పిల్లలు చెయ్యి ఊపారు. ఫ్లవర్‌వాజుని అది సామానులో పెట్టనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

పైన ఎవరూ లేరు. అడుగుల చప్పుడు లేదు. గాలి కోసం పైకి మారతానన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేను కూడా.

మార్చి 31

పొద్దున్నే ఫోను.

"అక్కా, పక్కింటావిడ వచ్చింది. కిటికీలో నీ ఫ్లవర్‌వాజు చూసి ఎంతకి కొన్నావని అడిగింది."

"ఏం చెప్పావు?"

చెప్పింది. మా దుకాణంలో అద్దాల బీరువాలోదానికి కూడా అంత ధర లేదు.

"అంతా! సగంలో సగానికి అడిగినదానివి కదే!"

"అది బేరం అక్కా. ఇది వేరు" అంది. "ఆవిడ అంత ధరా అని మళ్ళీ అడిగింది. అంతే అన్నాను. మా అక్క చేసింది, మీకు కావాలంటే ఆ ధరకైనా రాదన్నాను."

ఫోను పెట్టేశాను. తరవాత సీసాలు నానబెట్టాను.